కళా తరగతిలో అచ్చుకు సిల్క్ స్క్రీన్‌ను సిద్ధం చేసే విధానం

స్క్రీన్ ప్రింటింగ్ అంటే చట్రానికి బిగించిన సన్నని జాలి కన్నాల గుండా కాగితం మీదికో గుడ్డ మీదికో రంగు దింపి బొమ్మ అచ్చు వేయడం. అందులో రంగు లాగి అచ్చు తీసే పని నిమిషంలో ముగుస్తుంది. ఆ నిమిషం సవ్యంగా నడవాలంటే దాని వెనుక రెండు మూడు రోజుల తయారీ ఉండాలి. చాలా తరగతుల్లో ఉపాధ్యాయులే స్క్రీన్లను ముందుగా సిద్ధం చేసి విద్యార్థుల చేతికి ఇస్తారు. సమయం తక్కువగా ఉన్నప్పుడు అందులో తప్పు లేదు గానీ, ప్రతి విద్యార్థీ కనీసం ఒక్కసారైనా తన స్క్రీన్‌ను మొదటి నుంచి చివరి దాకా తానే తయారుచేసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. జాలి మీద స్టెన్సిల్, అంటే బొమ్మ కాని చోట కన్నాలను మూసే పొర, ఎలా నిలబడిందో తెలియనివారు అచ్చులో దోషం కనిపించినప్పుడు రంగునో, కాగితాన్నో, తమ చేతినో అనుమానిస్తారే తప్ప అసలు కారణాన్ని పట్టుకోలేరు. ఈ పనిలోని ప్రతి దశకూ కంటితోనో, వేలితోనో, నీటితోనో చేయగల ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ పరీక్షలో నెగ్గకుండా తరువాతి దశకు వెళ్లకపోవడమే ఇందులో పాటించవలసిన ముఖ్య నియమం.

పేరులో సిల్క్ ఉన్నా ఇప్పటి జాలిలో పట్టు ఉండదు. పిండి జల్లించడానికి నేసిన సన్నని పట్టుగుడ్డను, అంటే బోల్టింగ్ క్లాత్‌ను, తొలినాటి ముద్రకులు చట్రానికి బిగించి వాడుకున్నారు. ఇంగ్లండులో శామ్యూల్ సైమన్ 1907లో ఈ విధానానికి పేటెంట్ పొందేనాటికి వాడుకలో ఉన్నది పట్టే. అయితే పట్టు తడిస్తే సడలుతుంది. పాత స్టెన్సిల్‌ను కరిగించడానికి వాడే బ్లీచింగ్ వంటి ఘాటైన ద్రావణాలకు దాని పోగులు పాడైపోతాయి. ఎన్నో సన్నని తంతువులు కలిసిన పోగు కాబట్టి దాని మందం కూడా అంతటా ఒక్కటిగా ఉండదు. ఒంటి తంతువుతో నేసిన పాలియెస్టర్ జాలికి ఈ మూడు ఇబ్బందులూ లేవు. అందుకే తరగతికి పాలియెస్టర్‌నే తీసుకోవాలి.

జాలి, చట్రం

జాలిని సెంటీమీటరుకు ఎన్ని పోగులు ఉన్నాయన్న లెక్కతో కొలుస్తారు. పోగులు తక్కువైతే కన్నాలు పెద్దవై రంగు ఎక్కువగా దిగుతుంది. పోగులు పెరిగేకొద్దీ రంగు పొర పలచనవుతుంది, గీతలు సన్నగా నిలుస్తాయి. గుడ్డ మీద ముదురు రంగులతో అచ్చు వేయడానికి సెంటీమీటరుకు 43 పోగుల జాలి బాగా పనిచేస్తుంది. కాగితం మీద నీటి ఆధారిత రంగులకు 77 నుంచి 90 వరకు వాడవచ్చు. ఛాయాచిత్రాన్ని చుక్కలుగా విడగొట్టి వేయాలనుకుంటే 120 దాకా వెళ్లాలి గానీ, అంత సన్నని జాలిలో నీటి రంగు త్వరగా ఎండి కన్నాలను మూసేస్తుంది కాబట్టి కొత్తవారికి అది తగదు. తరగతి మొత్తానికి ఒకే రకం కొనవలసి వస్తే 55కూ 62కూ మధ్య ఉన్నదాన్ని ఎంచుకుంటే గుడ్డకూ కాగితానికీ రెండింటికీ సరిపోతుంది. కొందరు తెల్ల జాలికి బదులు పసుపు రంగు జాలి వాడటానికి కారణం అందం కాదు. జాలికి పూసే ఎమల్షన్ అనే ద్రవం వెలుతురు పడిన చోట గట్టిపడుతుంది, బొమ్మ నలుపు కప్పిన చోట గట్టిపడకూడదు. తెల్ల పోగు తన మీద పడిన వెలుతురును పక్కలకు వెదజల్లి, ఆ నలుపు కింది పూత అంచులను కూడా గట్టిపరుస్తుంది. పసుపు పోగు ఆ వెలుతురును ఆపుతుంది. సన్నని గీతలున్న బొమ్మలకు పసుపు జాలి మేలు, అయితే దానికి వెలుతురు కొంచెం ఎక్కువసేపు చూపించాలి.

చట్రం లోపలి కొలత బొమ్మ కన్నా పైనా కిందా పది సెంటీమీటర్ల చొప్పున, పక్కల ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల చొప్పున పెద్దదిగా ఉండాలి. రంగు నిలవడానికీ, రంగును లాగే రబ్బరు అంచు పలక అయిన స్క్వీజీ ఆగడానికీ ఆ ఖాళీ అవసరం. దాన్ని కుదిస్తే బొమ్మ అంచుల్లో జాలి బిగుతు ఎక్కువై, స్క్వీజీ ఒత్తిడి సమంగా పడదు. చెక్క చట్రమైతే బాగా ఎండిన చెక్కతో చేయించి, నీరు పీల్చి వంకర పోకుండా రెండు పూతల వార్నిష్ వేయాలి. అద్దం పరిచిన బల్ల మీద చట్రాన్ని పెట్టి ఎదురెదురు మూలలను వేళ్లతో నొక్కి చూడాలి. అది ఊగిందంటే ఎంత చక్కగా జాలి బిగించినా దానితో సమమైన అచ్చు రాదు.

జాలిని నాలుగు వైపులా చట్రం కన్నా ఐదు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించి, దాని పోగులు చట్రం అంచులకు సమాంతరంగా ఉండేలా పరచాలి. ఒక వైపు నడుమ స్టేప్లర్ గన్‌తో రెండు మూడు పిన్నులు కొట్టి, ఎదుటి వైపు నడుమ నుంచి లాగి కొట్టి, తరువాత మిగిలిన రెండు వైపుల నడుమ కూడా అలాగే చేసి, అక్కడి నుంచి మూలల వైపు జరుగుతూ పోవాలి. పిన్నును పోగులకు వాలుగా కొట్టాలి. నిటారుగా కొడితే భారమంతా ఒకటి రెండు పోగుల మీద పడి జాలి అక్కడే చిరుగుతుంది. జాలికీ పిన్నుకూ మధ్య ఒక గుడ్డ నాడా పెడితే ఇంకా మంచిది. కాన్వాస్ బిగించే పట్టకారు ఉంటే చేతి వేళ్ల కన్నా మంచి బిగువు వస్తుంది. పని ముగిశాక జాలి నడుమ వేలితో తట్టితే డప్పు మీద తట్టినట్టు మోగాలి. మూలల్లో ముడతలు గానీ అలలు గానీ కనిపించకూడదు. వదులు జాలి అచ్చు తీసేటప్పుడు స్క్వీజీతో పాటు సాగి, బొమ్మను అలికేస్తుంది. రెండు రంగుల అచ్చులో ఒక రంగు బొమ్మ మరోదానితో సరిగ్గా కుదరక పక్కకు జరగడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

జిడ్డు తీయడం

కొత్త జాలి శుభ్రంగానే కనిపిస్తుంది. అయినా మగ్గం నూనె, దుమ్ము, దాన్ని బిగించినవారి వేళ్ల జిడ్డు దాని మీద ఉంటాయి. ఆ జిడ్డు ఉన్న చోట ఎమల్షన్ పట్టుకోదు. కడిగేటప్పుడు అక్కడే పెచ్చులుగా ఊడి వస్తుంది. జాలిని రెండు వైపులా తడిపి, జిడ్డు తీసే ద్రావణంతో గానీ, చేతుల మెత్తదనం కోసం నూనెలు కలపని సాదా గిన్నెల సబ్బు ద్రవంతో గానీ, మెత్తని బ్రష్‌తో గుండ్రంగా రుద్దాలి. తరువాత సబ్బు జాడ లేకుండా ధారాళంగా కడగాలి. మిగిలిపోయిన సబ్బు జిడ్డంత చెరుపూ చేస్తుంది. చట్రాన్ని నిలబెట్టి నీరు పోసినప్పుడు ఆ నీరు పలుచని తెరలా జాలి అంతటా పరచుకుని జారాలి. ఎక్కడైనా చుక్కలుగా విడిపోయినా, పొడి మచ్చలా తెర చీలినా అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టే. ఈ పరీక్షను విద్యార్థులు ఇష్టంగా చేస్తారు, ఎందుకంటే అందులో ఊహకు చోటు లేదు. కడిగిన తరువాత జాలిని వేలితో ముట్టకుండా, చట్రాన్ని మాత్రమే పట్టుకోవడం అలవాటు చేయాలి.

చిన్న పిల్లలకు తేలిక దారి

పదేళ్లలోపు పిల్లల తరగతిలో వెలుతురుకు స్పందించే రసాయనాలు వాడవలసిన అవసరం లేదు. నీటిలో కరిగే డ్రాయింగ్ ఫ్లూయిడ్‌తో పిల్లలు జాలి మీదే కుంచెతో బొమ్మ వేస్తారు. అది పూర్తిగా ఆరిన తరువాత, కన్నాలను మూసే ద్రవమైన స్క్రీన్ ఫిల్లర్‌ను బాగా కలిపి, ఒకే లాగుడులో జాలి అంతటా పలుచగా పరచాలి. అది కూడా ఆరాక చల్లని నీటితో కడిగితే, కుంచెతో వేసిన గీతలున్న చోట ఫ్లూయిడ్ కరిగి తన మీది ఫిల్లర్ పొరను తీసుకుపోతుంది. పిల్లల గీత యథాతథంగా తెరుచుకుంటుంది. ఇక్కడ తప్పు జరిగేది దాదాపు ఒక్క చోటే: ఫిల్లర్‌ను రెండోసారి, మూడోసారి లాగితే కింది ఫ్లూయిడ్ కరిగి దానిలో కలిసిపోతుంది. ఒక్కసారి లాగి వదిలేయమని ముందే చెప్పాలి. కుంచె గీతలోని వంపు, పొడిగా తేలిన చారలు ఈ పద్ధతిలో వచ్చినంత సహజంగా వెలుతురుతో చేసే ఫోటో పద్ధతిలో రావు కాబట్టి పెద్ద విద్యార్థులకు కూడా దీన్ని పరిచయం చేయడం మంచిది.

ఎమల్షన్ పూయడం

పెద్ద విద్యార్థులకు ఫోటో ఎమల్షన్ నేర్పాలి. ఒకప్పుడు దీనికి డైక్రోమేట్ లవణాలు కలిపేవారు. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయింది కాబట్టి పాత సీసాలు ఎక్కడైనా మిగిలి ఉంటే తరగతిలోకి రానీయకూడదు. ఇప్పుడు దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. డయాజో ఎమల్షన్‌లో పొడిని విడిగా నీటిలో కరిగించి కలుపుకోవాలి. అది నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి ఎక్స్‌పోజింగ్, అంటే వెలుతురు చూపించే, సమయంలో ఒకటి రెండు నిమిషాల తేడాను సహిస్తుంది. ఫోటోపాలిమర్ ఎమల్షన్ కలిపి సిద్ధంగా వస్తుంది, చాలా త్వరగా గట్టిపడుతుంది, కొన్ని సెకన్ల తేడాకే చెడుతుంది. నేర్చుకునేవారికి డయాజోనే తగినదని నా అభిప్రాయం. నీటి రంగులు వాడే తరగతి కాబట్టి నీటికి తట్టుకునే ఎమల్షన్ అని డబ్బా మీద రాసి ఉందో లేదో చూసుకోవాలి. డయాజో కలిపిన తరువాత బుడగలు తేలి పోయేందుకు కొన్ని గంటలు కదపకుండా ఉంచి, కలిపిన తేదీని మూత మీద రాయాలి. కలిపిన ఎమల్షన్ మామూలు గది వేడిలో సుమారు నాలుగు వారాలు, చల్లని చోట అంతకు రెండు మూడింతలు నిలుస్తుంది. తినే పదార్థాలున్న ఫ్రిజ్‌లో మాత్రం దాన్ని పెట్టకూడదు.

పూత వేసే గదిలో పగటి వెలుతురు, ట్యూబ్‌లైటు ఉండకూడదు. పసుపు బల్బు వెలుతురులో పని చేసుకోవచ్చు. ఇక్కడి నుంచి స్క్రీన్‌కు రెండు ముఖాలు ఉన్నాయని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. కాగితానికి తగిలేది అచ్చు వైపు, రంగు పోసి లాగేది స్క్వీజీ వైపు. స్కూప్ కోటర్ అనే పొడవాటి తొట్టిలో ఎమల్షన్ పోసి, చట్రాన్ని కొంచెం వెనక్కి వాల్చి నిలబెట్టి, తొట్టి అంచును జాలి అడుగున ఆనించి, ద్రవం అంచు పొడవునా జాలిని తాకేదాకా వంచి ఉంచాలి. తరువాత ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో పైదాకా లాగి, తొట్టిని వెనక్కి వంచి ద్రవం లోపలికి వెళ్లాక ఎత్తాలి. మొదట అచ్చు వైపు, ఆ తరువాత స్క్వీజీ వైపు పూయాలి. రెండోసారి లాగినప్పుడు ఎమల్షన్ జాలి గుండా అచ్చు వైపుకు నెట్టుకుపోయి అక్కడ నునుపైన పొరగా నిలుస్తుంది. అచ్చులో గీత అంచు పదునుగా రావడానికి ఆ పొరే ఆధారం. మందంగా పూస్తే గట్టిగా ఉంటుందని విద్యార్థులు అనుకుంటారు. నిజానికి మందమైన పూత లోపలి దాకా ఆరదు, లోపలి దాకా వెలుతురు పట్టదు. జాలి నేత ఇంకా కంటికి కనిపిస్తూ, మెరిసే సమమైన పొర ఉంటే చాలు.

పూసిన స్క్రీన్‌ను అచ్చు వైపు కిందికి ఉండేలా, నాలుగు మూలలా దిమ్మల మీద బల్లపరుపుగా పెట్టి, చీకట్లో ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. నేను ఈ దశ మీద ఎక్కువ పట్టుపడతాను. ఒక ఏడాది, గాలిలో తేమ బాగా ఉన్న రోజుల్లో, తరగతి సమయం అయిపోతోందన్న తొందరలో, ముట్టుకుంటే పొడిగానే అనిపించిన పన్నెండు స్క్రీన్లను ఎక్స్‌పోజ్ చేయించాను. కడగగానే బొమ్మతో సహా మొత్తం పూత జారి పోయింది. పిల్లలు రెండు వారాలుగా గీసుకున్న బొమ్మలవి. ఎమల్షన్‌లో తేమ మిగిలి ఉంటే వెలుతురు దాన్ని గట్టిపరచలేదు. పైపొర పొడిగా తగిలినా లోపల తేమ ఉండవచ్చు. అప్పటి నుంచి పూతకూ ఎక్స్‌పోజింగ్‌కూ మధ్య ఒక పూర్తి రోజు ఉండేలా తరగతులను అమర్చుకుంటున్నాను. చేతి వెనుక భాగాన్ని పూత మీద మెల్లగా ఆనిస్తే చల్లగా తగలకూడదు; చల్లదనం ఉందంటే నీరు ఇంకా ఆవిరవుతున్నట్టే.

వెలుతురు చూపించడం

బొమ్మను పారదర్శకమైన ఫిల్మ్ మీద చిక్కని నలుపుతో వేసుకోవాలి. ఫిల్మ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకున్నప్పుడు నలుపులో నుంచి వెలుతురు గీతలు గీతలుగా కనిపిస్తే ఆ నలుపు చాలదు. మరోసారి సిరా వేయాలి, లేదా ఒకే బొమ్మ ఉన్న రెండు ఫిల్ములను సరిగ్గా ఒకదాని మీద ఒకటి అతికించాలి. ఫిల్మ్ మీది సిరా వైపు ఎమల్షన్‌కు తగిలేలా, స్క్రీన్ అచ్చు వైపు పెట్టాలి. అక్షరాలున్న బొమ్మ అయితే అచ్చు వైపు నుంచి చూసినప్పుడు అవి తిరగబడి, స్క్వీజీ వైపు నుంచి చూసినప్పుడు తిన్నగా కనిపించాలి. దాని మీద సాదా అద్దం, జాలి లోపలి వైపు నల్ల గుడ్డ చుట్టిన స్పాంజి దిమ్మ పెట్టి, ఫిల్మ్‌కూ పూతకూ మధ్య గాలి దూరకుండా అదమాలి. ఆ సందులో నుంచి వెలుతురు దూరితే గీత సన్నబడుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే పూత ఉన్న పటాల అద్దం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఎమల్షన్‌కు కావలసినవి దాదాపు 350 నుంచి 420 నానోమీటర్ల మధ్య ఉన్న ఆ కిరణాలే. దీపం వెలుగుతున్నంతసేపు ఎవరూ దాని వైపు నేరుగా చూడకూడదు.

ఎన్ని నిమిషాలు ఉంచాలన్నది దీపం, దూరం, జాలి, పూత మందం అన్నిటి మీదా ఆధారపడుతుంది కాబట్టి, ఇతరులు చెప్పిన లెక్కను నమ్ముకోకుండా తరగతి తన లెక్క తానే కట్టుకోవాలి. సన్నని గీతలు, చుక్కలు ఉన్న పొడవాటి ఫిల్మ్‌ను ఐదు పట్టీలుగా అనుకోండి. మొదట మొత్తానికి నాలుగు నిమిషాల వెలుతురు చూపించి, ఒక పట్టీని అట్టముక్కతో కప్పాలి. రెండు నిమిషాలయ్యాక అట్టను ఇంకో పట్టీ దాకా జరపాలి. ఇలా జరుపుతూ పోతే ఐదు పట్టీలకు వరుసగా 4, 6, 8, 10, 12 నిమిషాల వెలుతురు అందుతుంది. కడిగి ఆరబెట్టిన తరువాత చూస్తే, తక్కువ వెలుతురు పడిన పట్టీల్లో డయాజో పసుపుతనం ఎక్కువగా ఉంటుంది, లోపలి వైపు జిగటగా జారుతుంది. ఎక్కువ పడిన పట్టీల్లో సన్న గీతలు మూసుకుపోతాయి. పక్కపక్క పట్టీల మధ్య రంగు తేడా ఆగిపోయిన చోట, సన్న గీత ఇంకా తెరుచుకునే చోట మన సమయం ఉంటుంది. ఐదు పట్టీలూ జిగటగానే ఉంటే సమయాలను రెట్టింపు చేసి మళ్లీ చేయాలి. ఒంటి బల్బు వాడేవారు దూరాన్ని మార్చకూడదు. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, సమయం నాలుగింతలు కావాలి. ఎండను వాడుకోవచ్చు గానీ, గంట గంటకూ మారే ఎండలో ఈ లెక్క నిలవదు కాబట్టి ప్రతిసారీ ఒక చిన్న ముక్క మీద సరిచూసుకోక తప్పదు.

కడగడం, సరిదిద్దడం

ఎక్స్‌పోజింగ్ అయిన వెంటనే రెండు వైపులా చల్లని నీరు పోసి ఒక నిమిషం నాననివ్వాలి. వెలుతురు పడని చోట పూత మెత్తబడి తేలుతుంది. అప్పుడు అచ్చు వైపు నుంచి మెత్తని జల్లుతో కడుగుతూ పోతే బొమ్మ తెరుచుకుంటుంది. గీతలు తెరుచుకోలేదని జల్లును దగ్గరకు తెచ్చి ఒత్తిడి పెంచితే పక్కనున్న మంచి పూత కూడా లేస్తుంది. ఓపికగా ఇంకొంచెం నాననివ్వడమే సరైన మార్గం. చివర రెండు వైపులా మరోసారి కడిగి, పాత వార్తాపత్రికతో అద్ది నీటిని తీసేయాలి. ఈ చివరి కడుగు మానేస్తే, స్క్వీజీ వైపు గట్టిపడని ఎమల్షన్ కరిగి తెరుచుకున్న కన్నాల్లోకి జారి, ఎండాక కంటికి కనిపించని సన్నని పొరగా మిగులుతుంది. స్క్రీన్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూసినప్పుడు తెరుచుకున్న చోట్లన్నీ ఒకే కాంతితో మెరవాలి; ఎక్కడైనా మసకగా ఉంటే మళ్లీ కడగాలి. ఆరిన తరువాత ఇంకోసారి, ఈసారి ఫిల్మ్ లేకుండా, ఎండలో గానీ దీపం కింద గానీ ఉంచితే స్టెన్సిల్ మరింత గట్టిపడి ఎక్కువ అచ్చులకు నిలుస్తుంది.

అద్దం మీద పడిన ప్రతి దుమ్ము రేణువూ స్టెన్సిల్‌లో ఒక సూది కన్నంగా మిగులుతుంది. సన్న కుంచెతో మిగిలిన ఎమల్షన్‌నో ఫిల్లర్‌నో అచ్చు వైపు నుంచి ఆ కన్నాలకు అద్ది ఆరనివ్వాలి. ఎమల్షన్ అద్దినట్టయితే దానికి కూడా వెలుతురు చూపించాలి. చివరగా పూతకూ చట్రానికీ మధ్య మిగిలిన జాలి అంచులను నీటికి ఊడని టేపుతో, జాలి పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే మూయాలి. చట్రం మీద విద్యార్థి పేరు, జాలి లెక్క, ఎక్స్‌పోజింగ్ నిమిషాలు పెన్సిల్‌తో రాస్తే తరువాతి స్క్రీన్ తయారీకి అదే దారి చూపిస్తుంది.

అచ్చులు ముగిశాక రంగును ఎండనివ్వకుండా వెంటనే కడగాలి. మరో బొమ్మకు అదే స్క్రీన్ కావాలంటే, చేతి తొడుగులు, కంటికి రక్షణ అద్దాలు పెట్టుకుని ఎమల్షన్ తొలగించే ద్రావణాన్ని రెండు వైపులా పూసి, ఒకటి రెండు నిమిషాల్లో బ్రష్‌తో రుద్ది ధాటిగా నీటితో కడగాలి. ఆ ద్రావణాన్ని జాలి మీద ఎండనిస్తే ఎమల్షన్ ఇక ఎప్పటికీ ఊడని విధంగా అతుక్కుపోతుంది కాబట్టి, ఒకేసారి నాలుగైదు స్క్రీన్లకు పూయించకుండా ఒక్కొక్కటే ముగించాలి. జాలి మీద పాత బొమ్మ నీడలా ఒక మరక మిగలవచ్చు. వెలుతురుకు పట్టి చూసినప్పుడు ఆ మరక ఉన్న చోట కన్నాలు తెరిచే ఉంటే, జిడ్డు తీసి తరువాతి పూతకు నిశ్చింతగా వాడుకోవచ్చు.